మిద్దె మీద చీకటి పుస్తకం: ప్రాజెక్టు డైరీ

దీపావళి అయిపోయిన వారం

ఈసారి లైబ్రరీ పిల్లలతో చేసే పుస్తకానికి టాపిక్ ఫిక్స్ అయింది, చీకటి. తిరుపతి జీవకోనలో మా మిద్దె మీద సాయంత్రం పూట నడిపే చిన్న లైబ్రరీ ఇది, మూడో క్లాసు నుంచి ఎనిమిదో క్లాసు దాకా పిల్లలు వస్తారు, వాళ్లే రాయాలి, వాళ్లే బొమ్మలెయ్యాలి, వాళ్లే కుట్టాలి, నేను పగలు డీటీపీ పని చేసేదాన్ని కాబట్టి టైపింగు ప్రింటింగు సంగతి నాది. నల్ల కాగితం మీద తెల్ల అక్షరాలు ఉండాలనేది మాత్రం మొదట్నుంచీ నా పట్టు.

చీకటి మీద మీకు తోచింది రాసుకురండబ్బా అని చెప్తే వచ్చిన కాగితాలు చదివితే నవ్వొచ్చింది, కొంచెం మంట కూడా పుట్టింది. అన్నీ ఒకటే. మొదటి లైన్లో చీకటి, రెండో లైన్లో భయం, మూడో లైన్లో దీపం, నాలుగో లైన్లో చదువు అనే దీపం వెలిగిద్దాం రండి. ఇది కవిత కాదు, ఆగస్టు పదిహేను వక్తృత్వ పోటీ. పిల్లల్ని అని లాభం లేదు, పెద్దోళ్లు చీకటి గురించి వాళ్లకి చెప్పేదే అంత, అది చెడ్డది, పోవాలి. రాత్రి మీద మనకున్న పిల్లల పాటలు తీసినా చందమామని పిలిచేవీ జోల పాడేవీనే ఎక్కువ, అమావాస్య రోజు మిద్దెక్కి పాడుకునేదానికి ఒకటి చెప్పమంటే నాకే తట్టలా.

అందుకే రూలు పెట్టినా. వెలుగు, దీపం, భయం, దెయ్యం, చందమామ, ఈ మాటలు బ్యాన్. బోర్డు మీద పెద్దగా రాసి అడ్డంగా గీత కొట్టేసినా. ఏడో క్లాసోడు ఒకడు "అయితే రాసేదానికి ఇంకేముందక్కా" అన్నాడు. ఏముందో చూద్దామనే కదరా ఇదంతా.

తుపాను వారం

వాన, వాన, వాన. ఈ నెలల్లో తిరుపతి ఇంతే. పిల్లలు రాలేదు, మిద్దె మీద రేకుల కింద పెట్టిన చార్టులు తడిసి అట్టలైపోయినాయి. పని జీరో.

వాన తెరిపిచ్చినాక

ఈరోజు అసలు పని మొదలయింది, అంటే చీకట్లో గమ్మున కూర్చునే పని. మా మిద్దె మీద పూర్తి చీకటి అనేది దొరకదు, ఉత్తరం దిక్కు చూస్తే కొండ, కొండ మీద గాలిగోపురం లైట్లు, శంఖు చక్రం నామం, ఘాట్ రోడ్డు లైట్లు మెలికలు తిరుగుతా పైదాకా కనిపిస్తాయి, వాటిని చూస్తా ఉంటే కంటికి చీకటి అలవాటు కాదు. కాబట్టి అందరం కొండకి వీపు పెట్టి దక్షిణానికి తిరిగి కూర్చున్నాం, పక్కింటి అక్కని అడిగి వాళ్ల వరండా లైటు ఆర్పించినాం, ఫోన్లన్నీ ఒక బుట్టలో వేసి కింద పెట్టొచ్చినాం, ఫోన్ల బుట్ట దగ్గరే ఎక్కువ గొడవ జరిగింది.

మొదటి ఐదు నిమిషాలు గిల్లుకోవడం, నవ్వడం, దోమలు. తర్వాత మెల్లిగా మొదలైంది, "అక్కా నీ మొహం కనిపిస్తా ఉంది ఇప్పుడు" అని ఒకరు, "తీగ మీద గుడ్డలు కనిపిస్తా ఉండాయి" అని ఒకరు. స్కూలు సైన్సులో వచ్చే కంటి లోపలి శంకువులూ దండాలూ కథే ఇది, రంగులు చూసే శంకువులకి వెలుతురు ఎక్కువ కావాలి, తక్కువ వెలుతురులో పనిచేసే దండాలకి రంగు తెలీదు, అవి పూర్తిగా నిద్ర లేచేదానికి అరగంట దాకా పడుతుంది. ఈ పాఠం నేను ముందు చెప్పలేదు, కావాలనే. ఐదో క్లాసు పాప ఒకతి ఉన్నట్టుండి "అక్కా, మా ఎర్ర బకెట్టు నల్లగా అయిపోయింది" అనింది. అంతే, అందరూ లేచి రంగులు వెతకడం మొదలుపెట్టినారు, మొక్కల కుండీ నలుపు, చీర నలుపు, ప్లాస్టిక్ కుర్చీ నలుపు, ఒకడు వాడి చొక్కా ఏ రంగో మర్చిపోయినాడు. అప్పుడు చెప్పినా శంకువుల సంగతి. ఇంకోటి కూడా చేసి చూపించినా, సన్నగా వెలిగే చుక్కని సూటిగా చూస్తే మాయమైపోతుంది, కొంచెం పక్కకి చూస్తే మళ్లీ కనిపిస్తుంది, కంటి నడిమధ్యలో దండాలు ఉండవు కాబట్టి. పక్కకి చూసి చుక్కని పట్టుకోవడం వాళ్లకి ఎంత నచ్చిందంటే ఇంటికి పొండిరా అన్నా పోలా.

కింద పోర్షన్ అవ్వ కూడా పైకొచ్చి కూర్చునింది. తూర్పున గుంపుగా ఉండేది పిల్లలకోడి, ఇంకాసేపుంటే వరసగా మూడు చుక్కలు లేస్తాయి అది గొల్లకావడి అని చెప్పింది. పిల్లలు ఆ కోడికి ఎన్ని పిల్లలో లెక్కబెట్టబోయి కొట్లాడుకున్నారు, ఒకడికి ఆరు, ఒకడికి ఏడు, ఒకడికి పది. పదన్నోడు ఎచ్చులకి చెప్పినాడని నా అనుమానం.

నవంబరు చివర

బకెట్టు కవిత మీద కూర్చున్నాం. పాప రాసుకొచ్చింది "ఎర్రని బకెట్టు నల్లగ నిలిచే" అని మొదలవుతుంది. లెక్క చూస్తే అంతా కరెక్టే, నాలుగేసి మాత్రలు (పొట్టి అక్షరానికి ఒకటి, పొడుగు అక్షరానికి రెండు), ఎర్రని నాలుగు, బకెట్టు కూడా నాలుగే. కానీ చప్పట్లు కొడతా పాడితే బకెట్టు దగ్గర తట్టుకుంటుంది. ఎందుకంటే రెండు మాత్రలకి ఒక చప్పట పడుతుంది కదా, బ ఒకటి, కెట్ రెండు, టు ఒకటి, రెండో చప్పట సరిగ్గా కెట్ నడుము మీద పడుతుంది. లఘువు, గురువు, లఘువు, దీన్నే జగణం అంటారు, కంద పద్యంలో బేసి గణాల్లో జగణం వద్దనింది ఊరికే కాదని పిల్లల చేత చప్పట్లు కొట్టిస్తేగానీ నాకూ సరిగ్గా ఎక్కలా.

బకెట్టు తీసి బిందె పెడదామా అన్నా. పాప ఒప్పుకోలా. "మా ఇంట్లో ఎర్ర బిందె లేదక్కా, ఎర్ర బకెట్టే ఉండాది." ఆ మొండితనం నాకు నచ్చింది నిజానికి, చూసిందే రాయమని చెప్పింది నేనే కదా. రెండ్రోజులు అట్లే వదిలేసినాం. తర్వాత కొళాయి దగ్గర ఎవరిదో ఎర్ర ప్లాస్టిక్ బిందె చూసిందంట, ఆ రాత్రి పనిగట్టుకుని పోయి చీకట్లో అది కూడా నల్లగా అవుతుందా లేదా చెక్ చేసుకుని వచ్చి, అయిందక్కా, మార్చుకో అనింది. ఇప్పుడు ఇట్లా ఉంది:

ఎర్రని బిందే నల్లగ నిలిచే
పచ్చని కుండీ నల్లగ మొలిచే
రంగులు అన్నీ యాడికి పోయే
మిద్దెకు తెలుసూ, గమ్మున ఉందీ

ఆఖరి లైను పూర్తిగా ఆ పాపదే, నేను చెయ్యి పెట్టలా. ఇదే వక్తృత్వ పోటీ కవితైతే ఇక్కడ సూర్యుడొచ్చి రంగులన్నీ తిరిగిచ్చేసి పోయుండేవాడు. రంగులు యాడికి పోయినాయో చెప్పకుండా ఆపేసింది చూడు, అదీ.

డిసెంబరు మొదట్లో

చీకట్లో ఎవరెవరు ఏం చేస్తా ఉంటారో కనుక్కుని రండి అనేది ఈ వారం పని. తిరుపతి పిల్లల్ని ఈ ప్రశ్న అడిగితే జవాబులకి కొరత ఉండదు, ఈ ఊర్లో సగం మంది పని రాత్రిపూటే. ఒకడి నాయన కొండ బస్సు డ్రైవరు, ఒకరి మామ రైల్వే స్టేషన్ దగ్గర టీ అంగడి, ఒకమ్మ ఇంట్లో కూర్చుని పూలు కడుతుంది, ఒకాయన కొండ మీద డ్యూటీ. పూలు కట్టే అమ్మ కూతురు ఆరో క్లాసు, మాటలు తక్కువ, రాసింది మాత్రం ఇది:

పూలు కట్టే అమ్మ వేళ్లకు
కళ్లు ఉన్నై, చీకటైనా
మూర తప్పదు, ముడీ తప్పదు
ఒక్క పువ్వూ దారమెక్కక
ముందె నాకూ నిద్దరొచ్చే

మూడు, నాలుగు, మూడు, నాలుగు అని మిశ్రగతిలో దానంతటదే వచ్చేసింది, ఎవరూ నేర్పలేదు, వాళ్లమ్మ మూర కొలిచే ఊపులో వచ్చిందేమో తెలీదు. ఒక్క మాట కూడా మార్చలా. మల్లె, సన్నజాజి లాంటివి సాయంత్రం పూట విచ్చుకుని రాత్రే వాసన ఎందుకు ఎక్కువ చల్లుతాయో, తెల్ల పువ్వులు చీకట్లో ఎగిరే చిమ్మటలకి ఎట్లా దారి చూపిస్తాయో ఆ పూట మాట్లాడుకున్నాం, దాని మీద ఇంకో పాప రాస్తానంది, ఇంకా రాలేదు.

కొండ మీద డ్యూటీ చేసే ఆయన కొడుకు అడిగిన ప్రశ్న అయితే అందరినీ పడేసింది. "అక్కా, సామి ఎప్పుడు నిద్రపోతాడు?" ఏకాంతసేవ అయి తలుపులేసేసరికి రద్దీ రోజుల్లో అర్ధరాత్రి దాటిపోతుంది, మళ్లీ తెల్లారి మూడు గంటల వేళకంతా సుప్రభాతం. ఏకాంతసేవలో జోల పాడేది తాళ్లపాక వంశం వాళ్లు, అన్నమయ్య నాటి నుంచి వస్తా ఉండే పద్ధతి అది. (ఆయన పాటల రాగిరేకులు గుడిలోనే ఒక చిన్న రాతి గదిలో వందల ఏళ్లు చీకట్లో పడుండి 1922లో బయటపడినాయి, ఈ ముక్క చెప్తే పిల్లలు "అంతకాలం ఎవరూ తలుపు తియ్యలేదా" అని నన్ను నిలదీసినారు, నేనేదో మూసేసినట్టు.) వాడి కవిత మూడు లైన్లే:

జోల పాడిన గంటకే మరి
లేపుతారే, సామికీ మా
నాయనల్లే నైటు డ్యూటీ

ఇది చదివి వాళ్ల నాయన నవ్వినాడంట, తర్వాత కాసేపు ఏం మాట్లాడలేదంట. పుస్తకంలో ఫస్ట్ పేజీ ఇదే పెట్టాలని నా ఓటు, పిల్లలు మాత్రం బిందె కవితకి ఓటేసినారు.

అదే వారం, ఇంకొంచెం

చిరుత గురించి వస్తుందని తెలుసు. భయం అనే మాట బ్యాన్ చేసినా కొండ కింద ఉండే పిల్లలకి చీకట్లో ఉండేది దెయ్యం కాదు, చిరుతే. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఆరేళ్ల పాప చిరుత దాడిలో చనిపోయింది కదా, ఆ తర్వాత చిన్నపిల్లల్ని మధ్యాహ్నం దాటినాక మెట్లెక్కనియ్యకుండా ఆపినారు, నడిచేవాళ్లకి చేతికర్రలిచ్చినారు, ఇవన్నీ వీళ్లు ఇళ్లలో విన్నారు, మా మిద్దె మీద నుంచి చూస్తే ఆ అడివే కనిపిస్తుంది. నాలుగో క్లాసోడు రాసింది ఇది, దీనికి మాత్రలూ లేవు ఏమీ లేవు, నేను వెయ్యాలని కూడా చూడలా:

చిరుతా చిరుతా
నీ దారి నీది
నా మెట్లు నావి
చీకటి పడినాక నువ్వు గూడా
మీయమ్మ తోక వదలబాక

పిల్లోడి వాళ్లమ్మకి ఇది పుస్తకంలో వెయ్యడం ఇష్టం లేదు, చావు జరిగిన విషయం ఆటలాగా ఉంటుందేమోనని. ఆమె మాటలో న్యాయం ఉంది. కానీ వీడు ఆట ఆడలేదు, వాడికి అందరూ ఏం చెప్తారో అదే చిరుతపిల్లకి చెప్పినాడు. ఇంకోసారి ఆమెతో కూర్చుని మాట్లాడాలి.

గాదంకి నుంచి వచ్చిన పొడుపు

తిరుపతి నుంచి చిత్తూరు పోయే దారిలో గాదంకి ఉంది కదా, ఆ పక్క ఊర్లో అవ్వగారింటికి పోయొచ్చిన పిల్ల ఒకతి రాత్రి ఆకాశంలోకి పచ్చ గీత ఒకటి నిలువుగా పోతా ఉంటుందక్కా, నేను చూసినా అని చెప్తే మిగతావాళ్లు నమ్మలేదు, ఎచ్చులు అన్నారు. ఎచ్చులు కాదు, అక్కడ అంతరిక్ష శాఖ కింద నడిచే జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది, వాళ్ల లైడార్ 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు పైకి కొడుతుంది, గాల్లో ఉండే దుమ్మూ మేఘాలూ గాలి అణువులూ ఆ వెలుతురుని కొంచెం వెనక్కి చిమ్ముతాయి, ఆ తిరిగొచ్చిన కాస్త వెలుతురుని టెలిస్కోపుతో పట్టి ఎంత ఎత్తులో ఏముందో లెక్కగడతారు. 1998 నుంచి ఉంది ఆ లైడార్. రాత్రిపూటే ఎందుకంటే పగటి వెలుతురులో ఆ పిసరంత వెనక్కొచ్చేది దొరకడం కష్టం. పిల్లలకి ఈ భాగం బాగా పట్టింది, చీకటి ఉంటేనే జరిగే పని అన్నమాట. పొడుపు కథలాగా రాద్దామన్నారు:

ఆకాశానికి పచ్చటి దారం
సూది ఎవరిదో కనపడదు
మేఘం చిరిగితె కుడతారేమో
గాదంకోళ్లను అడగాలి

జవాబు ఆఖరి లైన్లో చెప్పేస్తే పొడుపు ఎట్లవుతుందిరా అంటే, "తెలీనోళ్లకి గాదంకి అన్నా తెలీదులే అక్కా" అన్నారు. పాయింటే.

ధనుర్మాసం మొదలు

ఇప్పుడు ప్రింటింగు. దీని మీదే ఎక్కువ టైం పోయింది కాబట్టి వివరంగా రాస్తా, ఎవరికైనా పనికొస్తుంది. షాపుల్లో ఉండే మామూలు లేజర్ ప్రింటర్లో తెల్ల ఇంకు ఉండదు. తెల్ల కాగితం నిండా నలుపు కొట్టి అక్షరాలు ఖాళీగా వదిలెయ్యొచ్చు, కానీ టోనర్ తాగేస్తుంది, పైగా మడత పెట్టిన చోట నలుపు పెచ్చులూడి తెల్లగా పగుళ్లొస్తాయి. అందుకని నల్ల కార్డు షీటు మీద స్క్రీన్ ప్రింటింగే దారి, పెండ్లి పత్రికలు కొట్టే షాపులో చేయించినా.

ఒక కోటింగు కొడితే తెలుపు రాదు, బూడిద రంగు వస్తుంది, కింద నలుపు పైకి తేలుతుంది. ఆరినాక రెండో కోటింగు కొట్టాలి, అది మొదటిదాని మీద వెంట్రుక వాసి కూడా జరగకుండా పడాలి, జరిగితే అక్షరానికి నీడ వచ్చేస్తుంది. రెండు కోటింగులు పడేసరికి ఇంకు పాకి ఇరుకు సందులన్నీ పూడుకుపోతాయి. మన తెలుగుకి ఇది పెద్ద కష్టం, క్ష లోపల, ష్ట ఒత్తు సందులో, తలకట్టు కింద, అన్నిచోట్లా ఇరుకే. ఫస్ట్ ప్రూఫులో రంగులు అనే మాటలో సున్నా మొత్తం పూడుకుపోయి తెల్ల చుక్క అయి కూర్చునింది. బోల్డ్ ఫాంటు అస్సలు వద్దు, నలుపు మీద తెలుపు కంటికి అసలే లావుగా కనిపిస్తుంది. పల్చటి ఫాంటు తీసుకుని సైజు 18 నుంచి 22కి పెంచి అక్షరాల మధ్య కొంచెం ఎడం ఇచ్చినాక నిలబడింది. షాపాయన ఓపిక మెచ్చుకోవాలి, ముహూర్తాల సీజన్ కాదు కాబట్టి బతికిపోయినాం, మాఘమాసంలో అయితే మా వంక కూడా చూసుండడు.

పిల్లలు ఈలోపు ధనుర్మాసం గుడులకి మబ్బునే లేచి పోతా ఉన్నారు, కొండ మీద ఈ నెలంతా సుప్రభాతం బదులు తిరుప్పావై కదా, కింద గుళ్లలో కూడా తిరుప్పావై, పొంగలి. భక్తి ఎంతో పొంగలి ఎంతో నేను అడగను. కానీ తెల్లారకముందు చీకటి, పొద్దుగూకినాక చీకటి ఒకటి కాదక్కా, వాసన వేరే అని ఒకడు చెప్పినాడు, రాయరా అంటే రాయడు.

అట్ట పని

అట్ట మీద పేరు చీకట్లో కనపడాలి, అదీ పిల్లల డిమాండు. బండ్ల మీద స్టిక్కర్లు కొట్టే రేడియం షాపుకి పోయి రేడియం షీటులో అక్షరాలు కట్ చేయించినా. ఇంటికొచ్చి లైటార్పితే ఏమీ కనపడదు! పిల్లలు మొహాలు వేలాడేసినారు. ఇది వెలుతురుని దాచుకునే రకం కాదు, తిప్పి కొట్టే రకం, షీటులో సన్నటి గాజుపూసలు ఉంటాయి, వచ్చిన వెలుతురుని వచ్చిన దిక్కుకే పంపిస్తాయి. టార్చి పక్కనుంచి వేస్తే పుస్తకం నల్లగానే ఉంటుంది, అదే టార్చి మన చెవి పక్కన, కంటికి దగ్గరగా పెట్టుకుని వేస్తే అక్షరాలు భగ్గుమంటాయి. ఇంకో విషయం, టార్చి పట్టుకున్నోడికి మాత్రమే వెలిగినట్టు కనిపిస్తుంది, పక్కనోడికి కనపడదు. "నాకు కనిపిస్తా ఉంది" "నాకు లేదు" అని అరగంట గొడవ. ఇంతకంటే మంచి అట్ట నేను ప్లాన్ చేసినా కుదిరేది కాదు.

లోపలి పేజీలు చదివేదానికి టార్చికి ఎర్ర జిలెటిన్ పేపర్ కట్టి రబ్బర్ బ్యాండు వేసినాం. ఎర్ర వెలుతురుకి దండాలు పెద్దగా స్పందించవు కాబట్టి చీకటికి అలవాటైన కన్ను చెడదు, చదివి తలెత్తితే చుక్కలు అట్లే ఉంటాయి.

అమావాస్య దాటిన మర్నాడు

నిన్న రాత్రి మిద్దె మీద చదివినాం. పెద్దోళ్లు కూడా వచ్చినారు. చిరుత కవిత వాళ్లమ్మే చదివింది, నేను అడగలేదు, కాగితం తీసుకుని చదివేసింది. సరే, ఉంటుంది ఆ పేజీ.

ఒక చిక్కొచ్చి పడింది. అంతా అయిపోయి టార్చులు సర్దుతా ఉంటే మొదట్లో "రాసేదానికి ఏముందక్కా" అన్న ఏడో క్లాసోడు జేబులోంచి మడతలు పడిన కాగితం తీసిచ్చినాడు. బ్యాన్ చేసిన మాటతోనే మొదలైంది:

దీపం ఆర్పినాకే
మా గది పెద్దదయింది
గోడలు యాడికో జరిగినాయి
ఐదుమందిమి పండుకున్నాం
ఎవురి కాళ్లూ ఎవురికీ తగల్లా

బ్యాన్ ఎత్తేసినా. దీపం ఆరిపోయే కవితకి దీపం అనే మాట లేకపోతే ఎట్లా. స్క్రీన్లన్నీ ఎక్స్‌పోజ్ అయిపోయినాయి, పేజీలు కొట్టేసినాం, సగం కాపీలు కుట్టు కూడా పడింది, ఇప్పుడు ఈ ఒక్కదానికి కొత్త ఫ్రేము అంటే బడ్జెట్ చాలదు. కాబట్టి విడి నల్ల కాగితం మీద తెల్ల జెల్ పెన్నుతో రాసి ప్రతి కాపీలో ఒకటి పెట్టడం అని తీర్మానం. వాడే రాయాలి అన్ని కాపీలకీ, చేతిరాత చూస్తే కోడి గీరినట్టుంది, ఎవురి అనేది ఎవరి అని దిద్దమని ఇప్పటికే ఇద్దరు వాడి మీద పడినారు, వాడు దిద్దనంటా ఉన్నాడు, నేనూ దిద్దనివ్వను. జెల్ పెన్నులు ఇంకో అర డజను తేవాలి.